గంతుల మంచము

తెలుగునాట నులకమంచముపై గంతులు వేయని పిల్లలు అరుదు. కాలు మోపినచోట మంచము కుంగును. కుంగి, బిడ్డను కొంచెము పైకి లేపును. రెండవ గంతునకు ముందే వంటయింటినుండి కేక వినవచ్చును. నులక సాగిపోవుననియే పెద్దల కోపము. ఆ కోపము న్యాయమైనదే. సాగిన నులక తనంతట తాను బిగిసికొనజాలదు; కాళ్లవైపునున్న త్రాటిని విప్పి మరల బిగింపవలసి యుండును. ఎంత సాగినను వెంటనే తన మొదటి కొలతకు వచ్చు మంచమొకటి యున్నచో, దానిపై బిడ్డలు ప్రొద్దుగూకులు గంతులు వేయవచ్చును గదా! అట్టి మంచమే ట్రాంపొలీను. అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియా దేశములలో పెక్కు ఇండ్ల పెరళ్లలో ఇది కానవచ్చును. ఆ దేశములలో స్థిరపడిన తెలుగువారి ఇండ్లలోను, బిడ్డలు మారాము చేయగా, తండ్రి ఒకనాడు దీనిని కొనితెచ్చుట కలదు. సగము ధరకే దొరకినదని మురియుచు తెచ్చువారును కలరు. ఆ తగ్గిన సగము ఎక్కడనుండి తగ్గెనో విచారించువారు మాత్రము కొలదిమందియే.

ఈ సాధనమును ఇప్పటి రూపమున నిర్మించినవాడు జార్జి నిస్సెన్. అతడు 1914వ సంవత్సరమున అమెరికాలోని అయోవా రాష్ట్రమున జన్మించెను. బాల్యమున సర్కసునకు పోయినపుడు, ఎత్తైన ఉయ్యాలలపై విన్యాసములు చేయువారు తుదకు క్రిందనున్న వలలోనికి దుమికి, ఆ వలనుండి మరల పైకెగయుట అతని కంటబడెను. ఆ యెగయుట ఆగక సాగిన నెంత బాగుండునని అతడు తలపోసెను. పదునారేండ్ల వయసున తలిదండ్రుల కారుకొట్టములో ఇనుపచట్రమునకు కాన్వాసుగుడ్డను బిగించి ప్రయోగములు మొదలిడెను. పిమ్మట అయోవా విశ్వవిద్యాలయమున వ్యాయామవిద్యలో ఆరితేరిన లారీ గ్రిస్వోల్డుతో కలిసి 1934 ప్రాంతమున ఆ సాధనమునకు ఒక రూపు తెచ్చెను. 1937లో మెక్సికో దేశమున ప్రదర్శనలిచ్చుచు తిరుగునపుడు, నీటిలోనికి దుముకుటకు వాడు పలకను అచటివారు స్పానిషు భాషలో ‘ట్రాంపొలిన్’ అందురని వినెను. ఆ పేరే తన సాధనమునకు పెట్టుకొనెను. 1945లో దానికి పేటెంటు లభించెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికా సైన్యమువారు, ఆకాశమున తలక్రిందులైనను విమానచోదకులకు దిక్కు తప్పకుండుటకై, వారికి దీనిపై అభ్యాసము చేయించిరి. నిస్సెనుకు తన వస్తువును జనులకు చూపుటలో మొగమాటము లేదు. 1960లో న్యూయార్కు నగరపు ఉద్యానవనములో ఒక కంగారూ జంతువును అద్దెకు తెచ్చి, దానితో కలిసి గంతులు వేయుచు ఛాయాచిత్రము తీయించుకొనెను!

ఇది ఎట్లు పనిచేయునో తెలిసినగాని దీని వెలను నిర్ణయించుట సాధ్యము కాదు. గంతులు వేయు బట్ట సాగునది కాదు. పాలీప్రొపిలీను దారముతో గట్టిగా నేసిన ఆ బట్టకును, చుట్టునున్న ఇనుపచట్రమునకును నడుమ ఉక్కు స్ప్రింగులు వరుసగా తగిలింపబడియుండును. సాగునవి అవియే. స్ప్రింగును ఎంత లాగిన అంత బలముతో అది వెనుకకు లాగునని రాబర్టు హుక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1678లో ప్రకటించెను. బిడ్డ పైనుండి దిగునపుడు ఆ వేగములోని శక్తి స్ప్రింగులను సాగదీయుటకు ఖర్చగును. అయితే అది నశింపదు; స్ప్రింగులలో నిలిచియుండి, అవి ముడుచుకొనునపుడు బిడ్డకు తిరిగి చేరును. దానికి బిడ్డ తన కాళ్లబలమును కొంచెము జోడించును. ఇట్లు గంతుగంతునకు ఎత్తు పెరుగును. నులకమంచమున ఈ శక్తిలో అధికభాగము త్రాళ్ల ఒరపిడిలో పోవును; కాననే అది బిడ్డను ఒక జానెడు మించి లేపజాలదు. ఆ అశక్తతయే బిడ్డకు రక్షయని పెద్దలు ఎన్నడును తలచి యుండరు.

ఇక ధర మాట. శీతలదేశములలో ఈ వస్తువునకు ఒక ఋతువు కలదు. వసంతమున, వేసవిలో బిడ్డలు పెరటిలో ఆడుకొందురు. ఆకులు రాలు కాలము వచ్చునప్పటికి దీనిని కొనువారు తగ్గుదురు. పెట్టె పెద్దది, బరువైనది. దానిని చలికాలమంతయు గిడ్డంగిలో ఉంచుటకంటె తక్కువకు అమ్మివేయుటయే వర్తకునకు లాభము. ఇట్టి తగ్గింపునందు వస్తువు గుణమునకు లోపము లేదు. దానిని కొన్నవాడు తెలివైనవాడే. కాని వేరొక తగ్గింపు కలదు. అది ఋతువునుండి వచ్చినది కాదు, ఇనుమునుండి వచ్చినది. గొట్టపు మందము తగ్గించిరి. స్ప్రింగుల సంఖ్యయో, పొడవో తగ్గించిరి. జింకుపూత పలుచన చేసిరి. రెండు పెట్టెలమీదను ఒకే బొమ్మ, ఒకే నవ్వుమొగముల బిడ్డలు. ఈ రెండింటిని వేరుపరచుటకు సులభమైన ఉపాయమొకటి కలదు. ఒకే వెడల్పు గల రెండు ట్రాంపొలీనుల పెట్టెలపై వ్రాసిన బరువులను పోల్చి చూడవలెను. తేలికైన పెట్టెలో ఉక్కు తక్కువయని గ్రహింపవచ్చును. ఎంత బరువుగల మనుష్యుని అది మోయునో తెలుపు అంకెను కూడ అచటనే చదువుకొనవచ్చును.

స్ప్రింగు పొడవు చిన్న విషయముగా తోచును గాని కాదు. పొడుగు స్ప్రింగు మెల్లగా సాగి, పాదమును మెత్తగా ఆపును. పొట్టి స్ప్రింగు త్వరలోనే తన హద్దునకు చేరుటచే మోకాళ్లు ఝల్లుమనును. అట్లే వల. కొన్నింట వల చట్రమునకు వెలుపల నిలుచును. అప్పుడు స్ప్రింగులు వలకు లోపలనే యుండి, పైనున్న మెత్త జారినచో బిడ్డ కాలు వానినడుమ చిక్కును. మరికొన్నింట వల బట్ట అంచునకే కట్టబడి, స్ప్రింగులు వెలుపలికి పోవును. రెండవదియే మేలు. తక్కువ ధర చెప్పి, వలను, నిచ్చెనను, నేలకు బిగించు మేకులను విడిగా అమ్మువారును కలరు. అన్నియు కూడిన తరువాత చూచినచో సగము ధర ముప్పాతిక యగును.

మేకుల నెన్నిక చేయనివారు ఒక సంగతి తెలిసికొనదగును. ఇంగ్లండులో గాలివానల వేళ ట్రాంపొలీనులు పెరళ్లనుండి లేచిపోయి రైలుపట్టాలపై బడి, రైళ్లు నిలిచిపోయిన సందర్భములు పలుమారులు కలిగినవి. ఆ వెడల్పైన బట్ట గాలికి తెరచాపవంటిది.

ఒకరు వాడి అమ్మినదానిని కొనువారికి జాగ్రత్త మరింత యవసరము. ఎండకు బట్టయు, వలయు పెళుసుబారును; వ్రేలితో గట్టిగా నొక్కినపుడు పోగులు తెగు బట్టను మార్పక తప్పదు. అతుకులకడ తుప్పు పట్టెనా, స్ప్రింగులలో కొన్ని ఇతరములకంటె సాగియున్నవా అని చూడవలెను. సాగిన స్ప్రింగు నులకతో సమానము.

ఇంత చూచి మంచి వస్తువునే కొన్నను, అసలు అపాయము వస్తువులో లేదు. అమెరికా శిశువైద్యుల సంఘము 1977లో మొదటిసారి ఈ విషయమున హెచ్చరిక చేసెను. 1999లోను, 2012లోను మరల ఇంటి పెరటిలో దీనిని వాడవద్దనియే సలహా ఇచ్చెను. దెబ్బలలో సుమారు నాలుగింట మూడు వంతులు, బట్టపై ఒకరికంటె ఎక్కువమంది యున్నపుడే తగులుచున్నవని వారి 2012 నివేదిక తెలుపుచున్నది. అట్టి వేళ అందరిలో చిన్నవానికి దెబ్బ తగులు అవకాశము పెద్దవానికంటె 14 రెట్లవరకు ఉండునట. తండ్రి పక్కనుండి గంతులు వేసిన బిడ్డకు రక్షణ యని పలువురి నమ్మకము. లెక్క దానికి విరుద్ధము.

70 కిలోల బరువుగల తండ్రి అర మీటరు ఎత్తునుండి బట్టపైకి దిగెననుకొందము. అతని శక్తి యంతయు 20 కిలోల బిడ్డకు చేరినచో, ఆ బిడ్డ ఒకటిముక్కాలు మీటరు ఎత్తునకు ఎగిరిపోవును. అంతయు చేరదు, సగమే చేరినను, తన గంతుకు తోడు ముక్కాలు మీటరుకు మించి పైకి పోవును. ఆ యెత్తు బిడ్డ కోరినది కాదు, ఎదురు చూచినదియు కాదు. దీనికంటెను చెడ్డది ఇంకొకటి. బిడ్డ క్రిందికి వచ్చు క్షణముననే, తండ్రి బరువుచే కుంగిన బట్ట పైకి లేచినచో, ఆ రెండు వేగములు ఎదురెదురుగా ఢీకొనును. అప్పుడు బట్ట మెత్తగా కుంగదు, నేలవలె తగులును. బిడ్డ పడకయే, వలను తాకకయే, నిలిచిన నిలుపున మోకాలిక్రింద ఎముక చిట్లును. ఆరేండ్లలోపు పిల్లలలో ఇట్టి గాయమును వైద్యులు తరచుగా చూచుటచే దానికి ట్రాంపొలీను పేరే పెట్టిరి. వల వలన గాయములు అంతగా తగ్గినట్లు తేలకపోవుటకు కారణమును ఇక్కడనే వెదకవచ్చును. వల వెలుపల పడువారిని ఆపును. లోపల జరుగుదానిని ఆపజాలదు. ‘వల ఉచితము’ అను ప్రకటనను చూచి నిశ్చింత పడుట సరికాదు.

ఇది ఆధునికుల చాదస్తము కాదు. 1960 ప్రాంతమున అమెరికా పట్టణములలో గుంతలపై ట్రాంపొలీనులు పరచి, గంటల లెక్కన రుసుము తీసికొని జనులచే గంతులు వేయించు స్థలములు పుట్టగొడుగులవలె వెలసెను. దెబ్బలు పెరిగి, భీమా దొరకుట కష్టమై, కొలది కాలమునకే అవి మూతపడెను. నేటికిని అచట కొన్ని భీమా సంస్థలు పెరటిలో ట్రాంపొలీను గల ఇంటికి షరతులు పెట్టుట కలదు. కొనువాడు ముందుగా ఆ పత్రమును చదువుకొనవలసియుండును.

అదే సాధనము నిపుణుల చేతిలో వేరు. 2000లో సిడ్నీ ఒలింపిక్కు క్రీడలలో ట్రాంపొలీనుకు తొలిసారి స్థానము లభించెను. రష్యా దేశీయులైన అలెగ్జాండరు మొస్కలెంకో, ఇరీనా కరవాయెవా స్వర్ణపతకములు గెలిచిరి. వృద్ధుడైన నిస్సెను ఆ క్రీడలకు వెళ్లి చూచెను. 2010లో, 96వ యేట మరణించెను. ఆ క్రీడలో బట్టపై ఎప్పుడును ఒక్కరే యుందురు. చుట్టు కావలివారు నిలిచియుందురు. వెనుకకు పల్టీ కొట్టుటకు ముందు క్రీడాకారుడు శిక్షకుని చెంత ఎంతో కాలము అభ్యసించును. పెరటిలో తలక్రిందుల గంతు వేయు బాలునకు ఆ శిక్షకుడు లేడు. మెడకు తగులు దెబ్బలలో పల్టీలవలన కలుగునవి మిక్కిలి ప్రమాదకరములు.

కాన, వైద్యుల మాట విని కొందరు తలిదండ్రులు దీనిని కొనకయే, బిడ్డలను శిక్షకుడున్న వ్యాయామశాలకు పంపుదురు. కొనినవారు చేయదగిన పనులు ఖర్చుతో కూడినవి కావు: ఒక్కొక్కరినే ఎక్కనిచ్చుట, పల్టీలు మాన్పించుట, ఆరేండ్లు నిండనివారిని ఎక్కనీయకుండుట, పెద్దవారొకరు దగ్గర కూర్చుండి చూచుట. ఆరేండ్లలోపు బిడ్డ తనంతట తాను ఆ ఎత్తునకు ఎక్కుట కష్టము. నిచ్చెన యున్నచో సులభముగా ఎక్కును. అందువలన ఆట ముగిసిన వెంటనే నిచ్చెనను తీసి ఇంటిలో పెట్టుకొనవలెను.