చీలమండ దాకా బూటు: సొగసెంత? సుఖమెంత?

బాస్కెట్‌బాల్ ఆడే పిల్లవాడు ఉన్న ఇంట్లో ఏటా ఒకసారి ఈ చర్చ తప్పదు. మామూలు బూటు చాలునని తండ్రి అంటాడు. చీలమండను కప్పే ఎత్తు బూటు లేకపోతే కాలు బెణుకుతుందని కొడుకు అంటాడు. "అందరికీ అవే ఉన్నాయి నాన్నా" అన్నది అతని చివరి అస్త్రం. తల్లి మధ్యవర్తిత్వం వహించి, కాలికి దెబ్బ తగిలితే ఆసుపత్రికి ఎంత అవుతుందో గుర్తు చేస్తుంది. అంతటితో వాదం ముగుస్తుంది; అనుకున్నదానికంటే బాగా ఎక్కువ వెల చెల్లించి ఎత్తు బూటు ఇంటికి తెస్తారు. ఈ వ్యవహారమంతా ఒకే ఒక నమ్మకం మీద ఆధారపడి ఉన్నది: బూటు ఎంత ఎత్తుగా ఉంటే చీలమండకు అంత రక్ష అని. ఆ నమ్మకంలో నిజమెంత?

దీనిని తేల్చడానికి అమెరికాలో 622 మంది కళాశాల క్రీడాకారులను మూడు జట్లుగా విభజించి, లాటరీ పద్ధతిలో మూడు రకాల బూట్లు ఇచ్చారు. ఒక జట్టుకు ఎత్తు బూట్లు, ఇంకొక జట్టుకు పొట్టి బూట్లు, మూడవ జట్టుకు గాలి నింపి బిగించుకునే అరలున్న ఎత్తు బూట్లు. అందరూ ఆ బూట్లతోనే బాస్కెట్‌బాల్ ఆడారు. మొత్తం మీద 15 చీలమండ గాయాలు నమోదయ్యాయి. వాటిలో ఏడు ఎత్తు బూట్ల వారివి. పొట్టి బూట్ల వారివి నాలుగు. గాలి అరల వారివి నాలుగు. ఈ తేడాలు లెక్కలోకి వచ్చేంతటివి కావని, ఎత్తు వల్ల ప్రత్యేక రక్షణ ఉన్నదనడానికి ఆధారం దొరకలేదని 1993లో ప్రచురించిన నివేదికలో పరిశోధకులు తేల్చారు.

ఎత్తు బూటు బొత్తిగా నిష్ప్రయోజనమని దీని అర్థం కాదు. ప్రయోగశాలలో కాలిని ఒక పలక మీద నిలిపి, ఆ పలకను హఠాత్తుగా పక్కకు వంచి చూసినప్పుడు, ఎత్తు బూటు పాదం మడత పడే వేగాన్ని కొంత తగ్గించిన మాట వాస్తవమే. అయితే ప్రయోగశాల వేరు, ఆటస్థలం వేరు. ఎగిరి దూకినవాడు మరొకని పాదం మీద దిగినప్పుడు అతని కాలి మీద శరీరభారమంతా, దానికి మించిన వేగమూ పడుతుంది. పాదం లోపలికి తిరిగి, చీలమండ వెలుపలి వైపున ఎముకలను పట్టి ఉంచే స్నాయువులు సాగుతాయి, లేదా తెగుతాయి. రెప్పపాటులో జరిగిపోయే ఈ ప్రమాదాన్ని మెత్తని గుడ్డతో చేసిన పట్టీ ఆపగలదని ఆశించడం పెళ్లిపందిరి గుంజతో వరదను ఆపాలనుకోవడమే. పైగా ఎత్తు బూటు తొడిగినవారిలో పాదాన్ని నిలబెట్టే కండరాలు కొద్దిగా ఆలస్యంగా మేల్కొన్నట్లు 2014లో వెలువడిన ఒక చైనా పరిశోధన కనుగొన్నది.

మరి నిజంగా చీలమండను కాపాడేది ఏది? 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఇందుకు సూటిగా జవాబిస్తుంది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో 46 ఉన్నత పాఠశాలలకు చెందిన 1,460 మంది బాస్కెట్‌బాల్ ఆటగాళ్లను పరిశీలించారు. బూటు లోపల, మేజోడు మీద, లేసులతో బిగించుకునే చీలమండ పట్టీ ధరించినవారిలో గాయాలు దాదాపు మూడవ వంతుకు తగ్గాయి. ఆస్ట్రేలియాలో జరిగిన మరొక అధ్యయనం (2001) ఇంకొక విషయం బయటపెట్టింది: ఇదివరకు ఒకసారి చీలమండ బెణికినవారికి మళ్లీ బెణికే అవకాశం ఇతరులకంటే సుమారు ఐదు రెట్లు ఎక్కువ. అందులోనే మడమ భాగంలో గాలి అరలున్న బూట్లు ధరించినవారికి గాయపడే అవకాశం నాలుగు రెట్లకు పైగా కనిపించింది. ఖరీదైన హంగు క్షేమానికి హామీ కాదన్నమాట. కనుక కాలు బెణికిన చరిత్ర ఉన్న ఆటగాడికి వైద్యుని సలహాతో ఒక పట్టీ, ఒంటికాలి మీద నిలబడి తూకం నేర్చుకునే వ్యాయామమూ ముందు కావాలి; బూటు ఎత్తు సంగతి ఆ తరువాత.

ఇంతకూ ఈ బూటు చీలమండ దాకా ఎందుకు పెరిగింది? అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో జేమ్స్ నైస్మిత్ 1891 డిసెంబరులో బాస్కెట్‌బాల్ ఆటను కనిపెట్టాడు. చలికాలంలో కుర్రవాళ్లను గది లోపల ఆడించడం ఆయన ఉద్దేశం. చెక్క నేల మీద జారకుండా పరుగెత్తాలి, ఠక్కున ఆగాలి, ఎగరాలి. అందుకు రబ్బరు అడుగు కావలసి వచ్చింది. వేడికి కరిగి, చలికి పెళుసెక్కే రబ్బరును గంధకంతో కలిపి కాచి గట్టిపరిచే పద్ధతికి చార్లెస్ గుడియర్ 1844లోనే పేటెంటు పొంది ఉన్నాడు. రబ్బరు అడుగు చప్పుడు చేయదు. చడీచప్పుడు లేకుండా జారుకోవడానికి ఇంగ్లీషులో ఉన్న మాట నుంచే ఆ బూటుకు స్నీకర్ అన్న పేరు వచ్చింది. మసాచుసెట్స్‌లో 1908లో మొదలైన కాన్వర్స్ కంపెనీ 1917లో బాస్కెట్‌బాల్ కోసం ఎత్తైన కాన్వాస్ బూటు తయారు చేసింది. ఆ రోజుల్లో పనివాళ్ల బూట్లు, సైనికుల బూట్లు అన్నీ ఎత్తైనవే. గట్టి తోలు బూటు చీలమండను పట్టి ఉంచుతుందన్న అనుభవం కాన్వాస్‌కూ అంటుకున్నది. తోలు చేసే పని గుడ్డ చేయగలదా అని అప్పట్లో ఎవరూ కొలిచి చూసినట్లు లేదు.

ఆ బూటు పేరు చక్ టేలర్ పేరుతో ముడిపడి ఉన్నది. ఆయన కొంతకాలం ఆటగాడు, ఆ తరువాత కంపెనీ అమ్మకందారు. ఊరూరా తిరిగి పాఠశాలల్లో పిల్లలకు ఆట నేర్పుతూ బూట్లు అమ్మేవాడు. 1930ల్లో ఆయన సంతకం చీలమండ దగ్గరి గుండ్రటి బిళ్ల మీదికి ఎక్కింది. 1969లో ఆయన మరణించాడు. సంతకం మాత్రం ఇప్పటికీ బూటు మీద ఉన్నది. ఆట మాత్రం ఆ బూటును విడిచి ముందుకు పోయింది. మెత్తలు, గాలి అరలు వచ్చాక పలుచని కాన్వాస్ జోడు క్రీడాస్థలం నుంచి వీధిలోకి, సంగీత వేదికల మీదికి, కళాశాల ఆవరణల్లోకి చేరింది. 1985లో మైకేల్ జోర్డాన్ పేరిట వచ్చిన ఎర్ర నలుపు ఎత్తు బూటు అమెరికాలో 65 డాలర్లకు అమ్ముడైంది. ఆ రంగులు నిబంధనలకు విరుద్ధమని లీగ్ అధికారులు అభ్యంతరం చెప్పారు. కంపెనీకి అంతకంటే మంచి ప్రకటన ఇంకేం కావాలి? నిషేధానికి గురైనది అసలు ఏ జోడు అన్న విషయం మీద పాదరక్షల చరిత్ర తెలిసినవారు నేటికీ వాదులాడుకుంటారు. అదేమైనా, అప్పటి నుంచి ఎత్తు బూటు ఆటగాని పనిముట్టు స్థానం దాటి అలంకారమైంది. 2008లో కోబీ బ్రయంట్ కోరి మరీ పొట్టి బాస్కెట్‌బాల్ బూటు చేయించుకున్నాడు. ఫుట్‌బాల్ ఆటగాళ్లు అంతకంటే ఎక్కువగా మెలికలు తిరుగుతూ పొట్టి బూట్లతోనే ఆడుతున్నారు కదా అన్నది ఆయన వాదం.

అలంకారం తప్పు కాదు. సొగసు కోసం కొనేవారు సొగసు కోసమే కొంటున్నామని తెలిసి కొంటే చాలు, దానికి గాయాల భయం జోడించనక్కరలేదు. ఎత్తు బూటు నిలువుదనం ఇస్తుంది. ప్యాంటు అంచు బూటు పైకి కొద్దిగా ఆనేటట్లుంటే ఒద్దికగా ఉంటుంది. కాళ్లు పొట్టిగా ఉన్నవారు ప్యాంటు, బూటు ఒకే ఛాయలో ఎంచుకుంటే చీలమండ దగ్గర గీత గీసినట్లు కనపడదు. ఇంతకుమించి సొగసుకు శాస్త్రం లేదు. సుఖానికి మాత్రం ఉన్నది.

మన దేశంలో బూటు సుఖానికి మొదటి అడ్డంకి కొలత. మనం చెప్పే ఏడు, ఎనిమిది నంబర్లు బ్రిటిష్ వారివి. అందులో ఒక నంబరుకు మరొక నంబరుకు అంగుళంలో మూడవ వంతు తేడా. పూర్వం ఇంగ్లండులో ఒక బార్లీ గింజ పొడవుగా లెక్కించినది అదే. నలభై, నలభై ఒకటి అని చెప్పే ఐరోపా నంబర్లకు సెంటీమీటరులో మూడింట రెండు వంతులు తేడా. రెండూ పొడవునే చెబుతాయి. పాదం వెడల్పు సంగతి పట్టించుకోవు. చెన్నైలోని కేంద్రీయ తోళ్ల పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల 1,01,880 మంది పాదాలను కొలిపించింది. సగటు భారతీయుని పాదం పాశ్చాత్యుల పాదం కంటే వెడల్పైనదని ఆ సర్వే తేల్చింది. దాని ఆధారంగా 'భ' అనే భారతీయ కొలతల పద్ధతిని ప్రతిపాదించారు. వెడల్పైన పాదాన్ని ఇరుకైన అచ్చు మీద చేసిన బూటులో దూర్చేవారు సాధారణంగా చేసే పని ఒకటే: ఒక నంబరు ఎక్కువ తీసుకోవడం. అప్పుడు వేళ్లకు చోటు దొరుకుతుంది గాని మడమ లోపల జారుతుంది. మడమ జారే బూటు చీలమండ దాకా ఉన్నా, మోకాలి దాకా ఉన్నా బొబ్బలకే పనికివస్తుంది.

పిల్లల విషయం మరింత సున్నితమైనది. మణిపాల్ వైద్య కళాశాల వైద్యులు 2,300 మంది పిల్లల పాదముద్రలు సేకరించి 1992లో ఒక నివేదిక ప్రచురించారు. పాదరక్షలు వాడే పిల్లల్లో 8.6 శాతానికి చదునుపాదాలు ఉండగా, ఉత్త కాళ్లతో తిరిగే పిల్లల్లో 2.8 శాతానికే ఉన్నాయి. వేళ్లను పూర్తిగా మూసే బూట్లు వాడేవారిలో అది మరీ ఎక్కువ. నడక నేర్చిన పసివానికి ముచ్చటగా ఉంటాయని చిట్టి ఎత్తు బూట్లు తొడిగే తల్లిదండ్రులు ఈ అంకెలను ఒకసారి చూడాలి. ఇంట్లో, శుభ్రమైన పెరట్లో ఉత్త పాదాలతో తిరగనివ్వడమే వారికి మేలు.

పెద్దలు ఎత్తు బూటు కొనడానికి సాయంకాలం వెళ్లడం మంచిది. పగలంతా నిలబడి తిరిగిన పాదం ఉదయం కంటే కొంచెం ఉబ్బి ఉంటుంది. బూటుతో వేసుకోబోయే మేజోళ్లే తొడుక్కుని వెళ్లాలి. కాగితం మీద నిలబడి పాదం అంచు గీయించుకుని, ఆ ఆకారాన్ని కత్తిరించి పట్టుకెళ్లేవారు తెలివైనవారు. బూటులోని లోపలి అట్టను బయటికి తీసి ఆ కాగితాన్ని దాని మీద పరిస్తే, ఏ వైపు పాదం బయటికి పొర్లుతుందో దుకాణదారు చెప్పకుండానే కనపడుతుంది. రెండు పాదాలూ ఒకే కొలత ఉండడం అరుదు. పెద్దదానికి సరిపోయే జోడే తీసుకోవాలి. నిలబడినప్పుడు అన్నిటికంటే పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. ఆ పొడవైన వేలు కొందరికి బొటనవేలు కాదు, దాని పక్కది.

తరువాత బూటును చేతిలోకి తీసుకుని వంచి చూడాలి. వేళ్ల మొదళ్ల దగ్గర వంగితే మంచి బూటు, నడుమ మడత పడితే కాదు. మడమ వెనుక గూడును రెండు వేళ్లతో నొక్కితే గట్టిగా ఎదురు తిరగాలి. నిజానికి పాదాన్ని స్థిరంగా ఉంచేది ఈ గూడు, అడుగు వెడల్పు, లేసుల బిగువే. పైన కనిపించే పట్టీ కాదు. ఆ పట్టీలో చూడవలసినది దాని మెత్తదనం. చీలమండ గుబ్బలకు, వెనుక నరానికి అంచు ఒరుసుకోకూడదు. దుకాణంలో కూర్చుని చూస్తే ఇది తెలియదు; నాలుగు మెట్లు ఎక్కి దిగాలి, గొంతుకు కూర్చుని లేవాలి. "వాడగా వాడగా సాగుతుంది" అని అమ్మేవాడు అంటాడు. తోలు కొంత సాగుతుంది, రెక్సిన్ దాదాపు సాగదు. మొదటి రోజు కరిచే బూటు సాధారణంగా చివరిదాకా కరుస్తూనే ఉంటుంది.

ఇవేవీ ఆలోచించని ఒక చిక్కు మన ఇళ్లలో ఉన్నది. గుమ్మం బయట, గుడి ముందు, డాక్టరు గది ముందు కూడా మనం బూట్లు విడుస్తాం. ఏడెనిమిది జతల కన్నాల గుండా లేసు దిగే బూటును రోజుకు పదిసార్లు విప్పి కట్టే ఓపిక ఎవరికి ఉంటుంది? కొద్ది రోజులకే పై కన్నాలు వదిలేస్తారు, ఆ తరువాత ముడి విప్పకుండానే కాలు దూరుస్తారు, చివరికి మడమ గూడును తొక్కి చెప్పులా ఈడుస్తారు. ఆ గూడు ఒకసారి విరిగిందంటే ఎత్తు బూటుకు మిగిలేది ఎత్తు మాత్రమే. ఇటువంటి దినచర్య ఉన్నవారికి పక్కన జిప్పు ఉన్న రకమో, పొట్టి బూటో హాయి.

మన ఎండలకు చీలమండ దాకా కప్పిన పాదం బాగా చెమర్చుతుంది. గాలి ఆడే కాన్వాస్, పత్తి కలిసిన మేజోళ్లు, ఒక రోజు వాడిన జోడుకు మరునాడు విశ్రాంతి - ఈ మూడూ ఉంటే దుర్వాసన, వేళ్ల సందుల్లో ఒరుపు చాలావరకు తగ్గుతాయి. తడిసిన బూటును ఎండలో కాకుండా లోపల పాత వార్తాపత్రిక కుక్కి నీడన ఆరబెట్టాలి; మండుటెండకు అడుగును అంటించిన జిగురు వదులుతుంది. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారి సంగతి వేరు. బూటు కరుస్తున్నా వారికి తెలియదు, ఆ పుండు ముదిరితే ప్రమాదం. వారు ఫ్యాషన్ జోడు ఏది కొన్నా ముందు వైద్యునికి చూపించి, ప్రతి రాత్రి పాదాలను వెలుతురులో పరీక్షించుకోవాలి. తొడిగే ముందు బూటును బోర్లించి దులపాలి.

ఆడే పిల్లల బూటు అడుగును నెలకొకసారి తిరగేసి చూస్తే చాలా విషయాలు తెలుస్తాయి. గీతలు అరిగి నున్నబడిన చోట నేల మీద పట్టు పోయినట్టే. మడమ ఒక పక్కకే అరిగి, బల్ల మీద పెట్టినప్పుడు బూటు ఒరిగి నిలబడితే, పై భాగం ఎంత కొత్తగా మెరుస్తున్నా దానితో మైదానంలోకి దిగనివ్వకూడదు.