కారుకి ట్యూనర్ పెట్టిస్తే నిజంగా లాభమా? అచ్యుతాపురం నుంచి ఒక లెక్క

మా ఖాలా కొడుకు అచ్యుతాపురం సెజ్‌లో ఒక కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. పోయినేడాది సెకండ్ హ్యాండ్‌లో 2014 మోడల్ స్విఫ్ట్ డీజిల్ కొన్నాడు. ఆరు నెలలు తిరక్కుండానే అల్లాయ్ వీల్స్, వెడల్పు టైర్లు, కొత్త రకం ఎయిర్ ఫిల్టర్, కాస్త గట్టిగా మోగే సైలెన్సర్ వచ్చేశాయి. ఇప్పుడు మనసు ట్యూనర్ మీద పడింది. "భయ్యా, పాతిక వేలకి ఇరవై శాతం పవర్ పెరుగుతుందంట, మైలేజీ కూడా వస్తదంట, పెట్టించెయ్యనా?" అన్నాడు. పక్కనే ఉన్న ఖాలా "ఆ పాతిక వేలు పెట్టి ముందు బ్రేకులు చూపించమను" అంది.

ఇద్దరి మాటలోనూ విషయం ఉంది. సెజ్‌లో డ్యూటీ చేసే మన కుర్రాళ్లు చాలామంది ఇలాంటి కార్లే కొంటున్నారు కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చూద్దాం.

ఇప్పటి కార్లలో ఇంజిన్‌కి ఎంత డీజిల్ వెళ్లాలి, ఎప్పుడు వెళ్లాలి, టర్బో ఎంత గాలి నెట్టాలి అన్నది ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ చూసుకుంటుంది. ఆ సాఫ్ట్‌వేర్ చేతిలో ఎంత ఉందో 2015లో ఫోక్స్‌వ్యాగన్ వ్యవహారంలో ప్రపంచమంతా చూసింది. పొగ పరీక్షలో ఒకలా, రోడ్డు మీద ఇంకోలా నడిచేలా ఆ కంపెనీ కార్లలో సాఫ్ట్‌వేర్ రాసి పెట్టారు. ట్యూనింగ్ అంటే ఆ సాఫ్ట్‌వేర్‌లోని అంకెల్ని మార్చడమే. దీన్ని రీమ్యాప్ అంటారు.

ఇంకో రకం ట్యూనింగ్ బాక్స్. అది సెన్సర్‌కీ ఈసీయూకీ మధ్యలో కూర్చుని అబద్ధం చెబుతుంది. డీజిల్ ప్రెషర్ ఉన్నదానికంటే తక్కువ ఉందని చూపిస్తే, ఈసీయూ నమ్మేసి ప్రెషర్ పెంచుతుంది. తీసేస్తే కారు మళ్లీ మామూలుగా అయిపోతుంది, అదొక్కటే దానిలో సుఖం. ఇక ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే దొరికే, స్టీరింగ్ కింద గుచ్చే బిళ్లలున్నాయి. వాటిలో ఒకదాన్ని విప్పి చూసినవాళ్లకు లోపల లైట్లు మిణుకుమిణుకుమనిపించే చిప్ తప్ప ఇంకేమీ కనబడలేదు. వాటి గురించి ఇంతకన్నా రాయడం దండగ.

రీమ్యాప్ పనిచేస్తుందా అంటే, ముందు మీ కారుకి టర్బో ఉందా అని అడగాలి. టర్బో లేని పెట్రోల్ ఇంజిన్ (వ్యాగన్ ఆర్, పాత ఐ10 లాంటివి) బయట ఉన్న గాలినే పీల్చుకుంటుంది. సాఫ్ట్‌వేర్ ఎంత మార్చినా అదనపు గాలి రాదు కదా. అందుకే వాటిలో పెరిగేది నూటికి ఐదో, మహా అయితే కొంచెం ఎక్కువో. అంత తేడా ఏసీ ఆపేసినా తెలుస్తుంది. టర్బో ఉన్న ఇంజిన్‌లో మాత్రం గాలి ఒత్తిడి, డీజిల్ రెండూ పెంచొచ్చు, అక్కడ ఇరవై శాతం అనేది అబద్ధం కాదు.

అయితే స్విఫ్ట్ కథలో ఒక మెలిక ఉంది. దానిలో ఉన్నది ఫియట్ రూపొందించిన 1.3 లీటర్ల మల్టీజెట్ డీజిల్. స్విఫ్ట్‌లో దాని పవర్ 75 పీఎస్, టార్క్ 190 ఎన్ఎం. అదే ఇంజిన్ ఎర్టిగాలో, సియాజ్‌లో 90 పీఎస్ ఇచ్చింది. "చూశారా, కంపెనీయే పవర్ దాచిపెట్టింది" అని ట్యూనింగ్ అమ్మేవాళ్లు చెప్పేది ఈ లెక్కే. కానీ 90 పీఎస్ రకంలో టర్బో వేరు. దాని రెక్కలు వేగాన్ని బట్టి కదులుతాయి. స్విఫ్ట్‌లోది మామూలు టర్బో. అంటే కంపెనీ అంకెలు మార్చి ఊరుకోలేదు, సామాను కూడా మార్చింది. మనం సామాను పాతదే ఉంచి అంకెలు మారిస్తే, ఆ అదనపు బరువంతా పదేళ్లు దాటిన టర్బో, క్లచ్ మోయాలి. క్లచ్ జారడం మొదలైతే పాతిక వేల లెక్క ఇంకెక్కడికో పోతుంది.

ఫిల్టర్, సైలెన్సర్ మార్చాను కాబట్టి ట్యూనింగ్ తప్పనిసరి అని చాలామంది అనుకుంటారు. అదీ నిజం కాదు. లోపలికి ఎంత గాలి వస్తోందో సెన్సర్ కొలుస్తూనే ఉంటుంది, ఈ మాత్రం మార్పుని ఈసీయూ తనే సర్దుకుంటుంది.

అసలు మావాడి కారు ఎందుకు బరువుగా కదులుతోంది? నా అనుమానం ఆ చక్రాల మీదే. పెద్ద చక్రం, వెడల్పు టైరు బరువెక్కువ, తిప్పడానికి ఇంజిన్ ఎక్కువ కష్టపడాలి. చక్రం మొత్తం ఎత్తు పెరిగితే స్పీడోమీటర్ కూడా అసలు వేగం కన్నా తక్కువ చూపిస్తుంది. దానికి తోడు అనకాపల్లి-అచ్యుతాపురం రోడ్డు దుమ్ము, లారీల వెనక పాకడం. ఫిల్టర్ నిండిపోవడం, ఈజీఆర్ వాల్వ్‌లో మసి పేరుకోవడం, టర్బో పైపు పగిలి గాలి కారిపోవడం పాత డీజిల్ కార్లలో మామూలే. ఇవి చూపించకుండా రీమ్యాప్ చేయిస్తే చిల్లు కుండలో ఇంకా నీళ్లు పోసినట్టే.

మైలేజీ లెక్క కూడా వేసి చూపించాను. నెలకి 1,500 కిలోమీటర్లు, డీజిల్ లీటరు 97 రూపాయలు అనుకుందాం. మైలేజీ 18 నుంచి 19కి పెరిగితే నెలకి మిగిలేది నాలుగున్నర లీటర్ల లోపు, అంటే సుమారు 425 రూపాయలు. పాతిక వేలు తిరిగి రావడానికి దాదాపు ఐదేళ్లు. అదీ కొత్త పికప్ దొరికాక కూడా పాత పద్ధతిలోనే నెమ్మదిగా నడిపితే! మావాడి సంగతి నాకు తెలుసు.

కాగితాల సంగతి ఇంట్లో పెద్దవాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు కంపెనీ చెప్పినవాటికి భిన్నంగా అయ్యేలా బండిని మార్చకూడదు. 2019 సవరణలో వచ్చిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా పవర్ పెంచితే, యాక్సిడెంట్ అయిన రోజు క్లెయిమ్ దగ్గర పేచీ పెట్టడానికి వాళ్లకి కారణం దొరికినట్టే. రేపు కారు అమ్మితే కొనేవాళ్లకి ఈ సంగతి చెప్పాలి. ఐబు దాచి అమ్మడం మనకి సరికాదు. చెబితే రేటు తగ్గుతుంది, ఆ నష్టం కూడా లెక్కలోకి రావాలి.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ కార్లున్నవాళ్లకి ఇంకో మాట. పొగలో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్‌ని తీసేసి ట్యూన్ చేస్తామని ఎవరైనా అంటే ఆ షాపు మెట్లు దిగి వచ్చేయండి.

ఇంతా చెప్పాక, అస్సలు వద్దని నేను అనను. టర్బో కారు, వారంటీ అయిపోయింది, ఇంజిన్, క్లచ్ ఆరోగ్యంగా ఉన్నాయి, ఓవర్‌టేక్ చేసేటప్పుడు లాగుడు కావాలి, మైలేజీ ఆశ లేదు, కాగితాల రిస్కు తెలుసు అనుకుంటే రీమ్యాప్ తేడా చూపిస్తుంది. అలాంటప్పుడు చేసే ముందు, చేశాక డైనో మీద పెట్టి రెండు షీట్లూ చేతికివ్వమనండి. పాత ఫైల్ దాచి, అడిగితే మళ్లీ ఎక్కిస్తామని రాసివ్వమనండి. డైనో లేదు, లాప్‌టాప్ చాలు అనేవాళ్లకి డబ్బులివ్వకండి.

మావాడు పాత సైజు చక్రాలు మళ్లీ ఎక్కించాడు. టర్బో పైపులో చీలిక బయటపడింది, మార్పించాడు. బ్రేక్ ప్యాడ్లు కూడా వేయించాడు, ఖాలా ఊరుకోలేదు. ట్యూనర్ సంగతి క్లచ్ మార్చాక చూద్దాం అంటున్నాడు.