చిన్న కంప్యూటరునకు తగిన బ్యాటరీ



అరచేతిలో ఇముడునంతటి కంప్యూటర్లు నేడు విరివిగా దొరకుచున్నవి. వీనిలో మిక్కిలి పేరొందిన రాస్ప్‌బెర్రీ పై 2012వ సంవత్సరమున ఇంగ్లండు దేశమునందు విద్యార్థుల నిమిత్తము వెలువడినది. మన దేశమున 2016లో ఆరంభమైన అటల్ ఇన్నొవేషన్ మిషన్ క్రింద పాఠశాలలలో నెలకొల్పబడిన ప్రయోగశాలలందు బాలబాలికలు ఇట్టి పలకలతోనే పని నేర్చుచున్నారు. ఇంటి కుఱ్ఱవాడు సరదాకై కూర్చిన యీ పలకకు తగిన సాధనమును తగిలించినచో, రొయ్యల గుంట నీటిలోని ప్రాణవాయువును, అనగా మనవారు డి.ఓ. యని వ్యవహరించుదానిని, రాత్రియంతయు కొలిచి, తగ్గిన వెంటనే గంట మ్రోగించి యజమానుని లేపగలదు.

ఈ పనికి ముఖ్యమైన సమయము తెల్లవారుజాము. సూర్యరశ్మి లేని వేళ నీటిలోని నాచు ప్రాణవాయువును పుట్టింపదు సరికదా, తానే పీల్చుకొనును. కావున ఉదయమునకు ముందుగనే డి.ఓ. మిక్కిలి తగ్గును. లీటరునకు 3 మిల్లీగ్రాముల క్రిందికి దిగినచో రొయ్య కలతపడును. మఱియు గాలివానకు కరెంటు పోయిన రాత్రియందే యీ కాపలా అవసరము హెచ్చు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను మన తీరము వెంబడి సాగి, 5వ తేదీన బాపట్ల చేరువను తీరము దాటిన సంగతి అందఱకు తెలిసినదే. అట్టి రాత్రి కాపలా కంప్యూటరు తానే నిద్రపోయినచో దానిని పెట్టి ఫలమేమి? కనుక బ్యాటరీని ఎన్నుకొనుట చిన్న విషయము కాదు.

బజారులో పవరు బ్యాంకు పెట్టెపై 10,000, 20,000 అని పెద్ద అక్షరములతో అచ్చువేయుదురు. ఇవి మిల్లీ ఆంపియర్ గంటలు. ఈ అంకె నొక్కదానినే చూచి కొనుట, ఏ ఊరి కొలతయో అడుగక పుట్టి లెక్కన ధాన్యము బేరమాడుట వంటిది. నెల్లూరు పుట్టి 850 కిలోలు. అన్ని తావులందు అంతే కాదు గదా! అట్లే ఆంపియర్ గంటలను వోల్టులతో హెచ్చించినగాని అసలు సరకెంతయో తెలియదు. ఆ వచ్చినదానిని వాట్ గంటలందురు.

పవరు బ్యాంకు లోపలి కణము 3.7 వోల్టులది. 10,000 మిల్లీ ఆంపియర్ గంటలనగా 10 ఆంపియర్ గంటలు. హెచ్చించగా 37 వాట్ గంటలు. కంప్యూటరునకు వలసినది 5 వోల్టులు. అట్లు మార్చుటలో కొంత వేడిగా పోవును గనుక, చేతికందునది సుమారు 30 అని లెక్కించుట క్షేమము.

ఇక ఖర్చు చూడుడు. పై జీరో వంటి చిన్న పలక, కొలత సాధనముతో కూడ, గంటకు సుమారు ఒకటిన్నర వాట్ గంటలు వాడుననుకొందము. సాయంకాలము ఆఱు మొదలు ఉదయము ఆఱు వఱకు 18 వాట్ గంటలు. పై పవరు బ్యాంకే చాలును, కొంత మిగులును. పై 4 అను పెద్ద పలక పనిలోనున్నప్పుడు సుమారు 5 వాట్లు వాడును. పండ్రెండు గంటలకు 60 కావలెను. 20,000 గుర్తుగల పవరు బ్యాంకు ఇచ్చునది కూడ ఇంచుమించు అంతే. అనగా సరిగా తెల్లవారుజామున, పని పడిన వేళకే, అది ఆరిపోవచ్చును. కావున పెద్ద బ్యాటరీ కొనుటకు ముందు చిన్న పలకతో పని జరుగునేమో చూడవలెను.

పవరు బ్యాంకులో రెండు చిక్కులు గలవు. కరెంటు మఱీ స్వల్పముగా లాగినచో, పని ముగిసినదనుకొని కొన్ని తమంతట తామే ఆగిపోవును. కొన్ని ఛార్జి ఎక్కుచుండగా కరెంటు నీయవు. లేక తీగ పెట్టినప్పుడును తీసినప్పుడును ఒక క్షణము ఆపును. ఆ క్షణమునకే కంప్యూటరు పడి లేచును. దాని జ్ఞాపకపు కార్డు చెడినను చెడవచ్చును.

రెండు మూడు దినములు నిలువవలెనన్నచో 12 వోల్టుల బ్యాటరీ మేలు. సీసపు బ్యాటరీ తాలూకా బజారులోనే దొరకును, వెల తక్కువ. కాని బరువు, మఱియు సగమునకు మించి వాడినచో త్వరలో చెడును. 12 వోల్టుల 7 ఆంపియర్ గంటల బ్యాటరీలో 84 వాట్ గంటలుండగా, మనకు చెల్లునవి 42 మాత్రమే. లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీ తేలిక, చాల భాగము వాడుకొనవచ్చును, వేడికి ఓర్చును, పెక్కేండ్లు మన్నును. వెల మాత్రము హెచ్చు. ఏదైనను 12 వోల్టులను నేరుగా పలకకు తగిలింపరాదు. తగిలించిన క్షణముననే అది మాడును. కార్లలో ఫోనునకు వాడు మంచి ఛార్జరు 12 వోల్టులను 5 వోల్టులకు దించును. నడుమ ఫ్యూజు తప్పక వేయవలెను.

సోలారు పలకతో బ్యాటరీ నింపదలచువారు ఎండకాలపు లెక్కను నమ్మరాదు. మన తీరమున అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు వానలు, మబ్బులు. మబ్బు దినములకు సరిపడు నిలువ బ్యాటరీలో ఉండవలెను.

కొనునప్పుడు బి.ఐ.ఎస్. గుర్తును, ఆర్ అక్షరముతో మొదలగు సంఖ్యను చూచి, బి.ఐ.ఎస్. కేర్ అను యాప్‌లో సరిచూచుకొనుడు. విడి కణములపై 9,900 అని వ్రాసినచో అది మోసమే. 18650 కొలత కణములలో మంచివి సుమారు 3,500 పట్టును. ఉబ్బిన బ్యాటరీని వాడరాదు, పొడువరాదు, చెత్తలో వేయరాదు. పాత బ్యాటరీలు తీసికొను దుకాణమున ఈయవలెను. ఉప్పుగాలికి కొనలు చిలుమెక్కును గావున మూతపెట్టెలో, నీడను ఉంచి, 12 వోల్టుల బ్యాటరీ కొనలకు వాసెలీను పూయుడు. సన్నని పొడుగు తీగ వోల్టును తగ్గించును. పొట్టి లావు తీగ వాడుడు.

ఒక మాట మఱువరాదు. ఈ ఏర్పాటు కాపలాదారు మాత్రమే, ఏరియేటర్లను త్రిప్పజాలదు. ఒక హార్స్ పవరు మోటారునకు దాదాపు 750 వాట్లు కావలెను. దానికి జనరేటరే దిక్కు.

వోల్టులు, ఆంపియర్లు చూపు చిన్న యు.ఎస్.బి. మీటరు కొద్ది వెలకు దొరకును. ఇంటికొకటి అక్కఱలేదు, సంఘమునకొకటి కొని, సభ్యులు వంతులవారీగా వాడుకొనవచ్చును. మీ పలక నిజముగా ఎంత లాగుచున్నదో దానితో కొలువుడు, గంటలతో హెచ్చింపుడు, మూడవ వంతు అదనముగా చేర్చుడు. పిదప, వాతావరణము బాగున్న ఒక రాత్రి కరెంటు తీసివేసి, తెల్లవారువఱకు నడిపి చూడుడు. ఆ పరీక్షలో నెగ్గిన బ్యాటరీనే గాలివాన రాత్రికి నమ్ముడు.