పించను అక్కడే, యాప్ ధర పైపైకి

సోలాపూర్‌లో మిల్లు నడిచిన రోజుల్లో టాకీసుకు పోతే టికెట్టు కొన్నం, సినిమా చూసినం, అయిపోయింది. ఇప్పుడు తెలుగు సినిమా ఫోన్లనే. పోయినేడు మనుమడు ఒక యాప్ పెట్టిచ్చిండు. అప్పుడు ప్రకటనలు లేవు. ఈ ఏడు ధర పెంచిండ్రు, సినిమా నడుమ ప్రకటనలు కూడా పెట్టిండ్రు. అవి వద్దంటే ఇంకింత కట్టాలట. పైసలిచ్చేదీ మనమే, సబ్బుల ప్రకటన చూసేదీ మనమే!

మన పీఎఫ్ పించను కనీసం 1,000 రూపాయలని 2014 సెప్టెంబరులో పెట్టిండ్రు. అప్పటినుంచి పెంచమని అడుగుతనే ఉన్నం. యాప్ వాళ్లు మాత్రం ఎవరినీ అడగరు. ఆటోపే ఉంటే ఖాతాలోంచి వాళ్లే తీసుకుంటరు.

రిజర్వు బ్యాంకు నియమం ఒకటుంది. 2021 అక్టోబరు 1 నుంచి, ఇట్లా పైసలు కోసే ముందు కనీసం 24 గంటల ముందు ఎంత కోస్తరో మెసేజు రావాలె. నాకూ వచ్చింది. ఇంగ్లీషులో ఉందని చదవకనే వదిలేసిన. తప్పు నాదే.

అందుకే చెబుతున్న. మెసేజు వస్తే పిల్లలతో చదివించుకోండి. యూపీఐలో ఆటోపే అని ఉంటది, అక్కడ రద్దు చేయొచ్చు. దూరదర్శన్ ఫ్రీ డిష్‌కు ఛత్రి, డబ్బా ఒక్కసారి కొంటే చాలు, నెల కిరాయి లేదు. యాదగిరి, సప్తగిరి చానళ్లు వస్తయి.

మా ఇంట్ల ఆటోపే తీసేసినం. మంచి సినిమా వస్తే ఆ ఒక్క నెలకే కడతం.