పందిదొడ్డి



పెద్దవంగర వంటి వరి పండు పల్లెలలో పందులు చేలఁ బడినవని తగవులు పుట్టుట మీరెఱిగినదే. వానిని ఊరు వెడలగొట్టవలెనని కొందఱందురు. అవియే మాకు జీవనాధారమని వానిని పెంచు ఎఱుకలవారందురు. ఈ రెండింటికిని నడుమ మఱియొక మార్గము కలదని నా మనవి. అది పందిని విడువక దొడ్డిలో మేపుట.

పంది స్వభావముచేత మలినజంతువు కాదు. దానికి చెమట పట్టుట మిక్కిలి తక్కువ. అందుచేతనే ఎండకు తాళలేక బురదలో పొరలును. నీడయు నీరును చాలినంత చోటును ఉన్నచో పండుకొను తావును శుభ్రముగానే ఉంచుకొనును.

విడిచిన పందితో వచ్చు కీడు వేఱు. బద్దెపురుగు కడుపులోనున్న మనుష్యుని మలమునందు ఆ పురుగు గ్రుడ్లుండును. పంది ఆ మలమును తినగా దాని కండలలో తిత్తులేర్పడును. సరిగా ఉడకని ఆ మాంసమును తిన్నవాని కడుపులో మరల బద్దెపురుగు పెరుగును. ఇంతటితో తీరలేదు. ఆ గ్రుడ్లే మురికిచేతుల వలననో కడుగని కూరల వలననో మన నోటఁ బడినచో, మెదడులో తిత్తులు కట్టి మూర్ఛలు తెచ్చును. పందిమాంసము ముట్టని ఇంటి బిడ్డకును ఈ మూర్ఛ రావచ్చును. కావున ఇది యొక కులమువారి చిక్కు కాదు, ఊరందఱిది. పందికి దొడ్డి, మనుష్యునికి మరుగుదొడ్డి: ఈ రెండును కలిసి ఈ గొలుసును త్రెంచును.

మెదడువాపు జ్వరము సంగతి వేఱు. వరిమళ్లలో పెరుగు దోమలు ఆ విషమును పందినుండి మనుష్యునకు చేర్చును. దీనికి దొడ్డి ఒక్కటియే చాలదు. దొడ్డి ఇండ్లకు దూరముగా నుండవలెను; పిల్లలకు టీకా వేయింపవలెను; దోమతెర వాడవలెను.

ఇక పోషణము. ఆడుపంది చూలుకాలము సుమారు 114 దినములు. తల్లి పిల్లలపై పండుకొని నలుపకుండ గోడవెంబడి అడ్డుకఱ్ఱ కట్టవలెను. మూడు నాలుగు దినములలో పిల్లలకు ఇనుపధాతువు సూదిమందు వేయింపవలెను. తవుడు, నూకలు, చెక్క మంచి మేత. భోజనశాలల ఎంగిలి పెట్టకుండుట మేలు. పెట్టక తప్పనిచో బాగుగా మరగించియే పెట్టవలెను. 2020లో మన దేశమున ప్రవేశించిన ఆఫ్రికా పందిజ్వరము అట్టి ఎంగిలివలనను వ్యాపించును. అది మనుష్యులకు సోకదు గాని, సోకిన పందికి చికిత్స లేదు. పూర్వమునుండి ఉన్న పందిజ్వరమునకు మాత్రము టీకా కలదు.

పెద్దలారా, పందులను తరిమినచో అవి పొరుగూరి చేలఁ బడును. ఊరిచివర దొడ్లకు చోటు చూపితిరేని పెంచువారికి బ్రతుకు నిలుచును, మీ పైరు నిలుచును, పిల్లల ఆరోగ్యమునకును రక్షణ కలుగును. ఈ మాటను మీ పంచాయతి సభలో ఆలోచింపవేడెదను. సెలవు.