సీజన్ రోజుల్లో మనసుకు నిద్ర

ఐప్పసి నెల వచ్చిందంటే మన కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల్లో రెండు సంగతులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఒకటి దీపావళి, రెండోది ఈశాన్య రుతుపవనాల వాన. మొదటిది పనిని పెంచుతుంది, రెండోది ఉన్న పనిని ఆపేస్తుంది. మనది పడమటి కనుమల చాటున ఉన్న ఎండనేల. 1920ల తొలినాళ్లలో శివకాశి నుంచి అయ్య నాడారు, షణ్ముగ నాడారు కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకుని వచ్చారు. ఆ పని ఇక్కడ వేళ్లూనడానికి ఈ పొడిగాలి ఒక కారణం. పుల్లకు మందు ఆరాలన్నా, పెట్టె పక్కన పూత ఆరాలన్నా గాలిలో తేమ ఉండకూడదు. కాని ఆర్డర్లు వచ్చేదీ, వాన వచ్చేదీ దాదాపు ఒకే కాలం. ఇక ఆ రోజుల్లో మనిషికి దిగులు పట్టుకోవడంలో వింతేముంది?

ఒక ఉదాహరణ చెప్పుకుందాం. కోవిల్‌పట్టిలో ఒక చిన్న యూనిట్‌లో లెక్కలు చూసే ఒకాయన ఉన్నాడనుకోండి. రాత్రి తొమ్మిదిన్నరకు ఇంటికి వస్తాడు. నాలుగు ముద్దలు తిని పడుకుంటాడు. రెండు గంటలకు మెలకువ వస్తుంది. రేపు లారీ వస్తుందా? ఆ లేబుల్‌లో అక్షరం తప్పు పడిందా? ఇరవయ్యో తేదీలోగా పంపవలసిన జీఎస్టీ రిటర్నులో ఒక బిల్లు వదిలేశామా? సాయంత్రం యజమాని ఆ మాట ఎందుకలా అన్నాడు? మళ్లీ లారీ. మళ్లీ లేబుల్. పక్కన భార్య లేచి, “ఏమి, ఇంకా నిద్రపోలేదా?” అంటే, “ఏమీ లేదు, నువ్వు పడుకో” అంటాడు. తెల్లవారి లేచి లెక్క వేసుకుంటే, రాత్రి వచ్చిన ఇరవై ఆలోచనలూ నిజానికి ఐదే. ఒక్కొక్కటీ నాలుగేసి సార్లు వచ్చి పోయింది. ఒక్కటీ తేలలేదు. గానుగెద్దు రోజంతా ఒకే చోట తిరిగినా చివరకు నూనె అయినా వస్తుంది. ఈ తిరుగుడులో అదీ లేదు.

పని మీద శ్రద్ధ ఉన్నవాడే ఇలా ఆలోచిస్తాడనీ, ఆలోచించడం మానేస్తే పని చెడిపోతుందనీ చాలామంది నమ్ముతారు. ఈ నమ్మకం దగ్గరే చిక్కు ఉంది. శ్రద్ధ వేరు, దిగులు వేరు. మన కోవిల్‌పట్టి కడలై మిఠాయినే చూడండి. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బెల్లం పాకం కాచే చోట పనివాడు ఎలా నిలబడతాడో మీరు చూసే ఉంటారు. గరిటె తిప్పుతూ, నురుగు రంగు చూస్తూ, ఒక చుక్క తీసి నీళ్లలో వేస్తాడు. మెత్తగా ఉంటే ఇంకాసేపు కాస్తాడు. తీసి విరిస్తే టక్కున విరగాలి, అప్పుడే వేయించిన పల్లీలు పడతాయి. ఒక నిమిషం ముందైనా తప్పే, వెనకైనా తప్పే. అంతటి ఒత్తిడిలో కూడా అతను దిగులుపడడం లేదు, గమనిస్తున్నాడు. అతని కన్ను పాకం మీద ఉంది, చేతిలో గరిటె ఉంది, పరీక్షకు పక్కనే నీళ్లున్నాయి. అదే మనిషి రాత్రి పక్క మీద పడుకుని “పాకం ముదిరిపోతే ఏమవుతుంది?” అని నూరుసార్లు అనుకుంటే అక్కడ పాకమూ లేదు, గరిటే లేదు. చేతికి పని లేని చోట, వేళ కాని వేళ వచ్చే ఆలోచన దిగులు. ఈ తేడా పట్టుకుంటే సగం దారి దొరికినట్టే.

మరి ఆ వేళ కాని వేళ ఎందుకు వస్తుంది? మనసు ఒక రకంగా మంచి గుమాస్తా. పూర్తికాని పనిని మరిచిపోనివ్వదు. కాని దాని దగ్గర లెక్కల పుస్తకం లేదు. అందుకే అన్నిటినీ నోటితో అప్పజెప్పుకుంటూ ఉంటుంది. 2011లో అమెరికాలో మసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక సంగతి చూపించారు. పూర్తికాని పని మధ్యలో వచ్చి మనసును చెదరగొడుతుంది. ఆ పని పూర్తి చేయకపోయినా సరే, దాన్ని ఎప్పుడు ఎలా చేస్తామో ఖచ్చితంగా నిర్ణయించుకుంటే ఆ చెదరగొట్టడం తగ్గుతుంది. బేలర్ విశ్వవిద్యాలయంలో 57 మంది యువతీయువకులతో చేసిన ఇంకో పరిశీలన 2018లో వెలువడింది. పడుకోబోయే ముందు ఐదు నిమిషాలు కొందరు చేయవలసిన పనులు రాశారు, కొందరు చేసేసిన పనులు రాశారు. చేయవలసినవి రాసినవారికి సగటున తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్ర పట్టింది. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా పట్టింది కూడా. అది చిన్న పరిశీలనే, దాన్ని పట్టుకుని గొప్పలు చెప్పనక్కరలేదు. కాని ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు తప్ప ఖర్చు లేని మందు కదా, చేసి చూడడానికేం?

అయితే రాయడంలో ఒక పద్ధతి ఉంది. “లారీ” అని రాసి వదిలేస్తే ప్రయోజనం లేదు. “రేపు ఉదయం 9 గంటలకు బుకింగ్ ఆఫీసుకు ఫోన్ చెయ్యాలి, దొరకకపోతే రెండో ఆఫీసును అడగాలి” అని రాయాలి. “లేబుల్” కాదు, “ప్రెస్సు వాళ్ల ప్రూఫు తీసుకుని ఇంకొకరితో చదివించాలి” అని రాయాలి. రాసేటప్పుడు పేజీ మధ్య ఒక గీత గీయండి. ఎడమవైపు మన చేతిలో ఉన్నవి, కుడివైపు మన చేతిలో లేనివి. వాన కుడివైపుకు పోతుంది. కాని వాన వస్తే ఏ సరుకు ఎక్కడ పెట్టాలన్నది ఎడమవైపు వస్తుంది. వానను నమ్ముకుని నల్లరేగడి దున్నిన మన పెద్దలకు ఇది కొత్త విషయం కాదు. మేఘం వారి చేతిలో లేదు. మేఘం వచ్చేలోగా విత్తనం సిద్ధంగా ఉంచుకోవడం మాత్రం వారి చేతిలోనే ఉండేది.

ఇక్కడ ఒక మాట. మనలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతాం గాని, రాసేది తమిళంలోనే. తెలుగు అక్షరాలు రావని సంకోచం అక్కరలేదు. తెలుగు మాటనే తమిళ లిపిలో రాసుకోండి. అది మీరు తప్ప ఎవరూ చదవనిది. రాయడం బొత్తిగా రానివారు ఇంట్లో ఒకరికి చెప్పి, వారిచేత రాయించుకోవచ్చు. చెప్పుకోవడంలోనే కొంత బరువు దిగుతుంది.

రాసినా కొన్ని దిగుళ్లు వదలవు. ముఖ్యంగా కుడివైపు పడినవి. విరుదునగర్‌లో పప్పు, మిరప, నూనె వ్యాపారం చేసేవారికి ధర ఒక పెద్ద దిగులు. నిల్వ పెట్టిన సరుకుకు రేపు ధర పడిపోతే? ఇలాంటివాటికి థామస్ బోర్కోవెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవారు 1983లో ఒక ఉపాయం పరీక్షించారు. దిగులును మానమనలేదు, దానికి ఒక వేళ కేటాయించమన్నారు. రోజూ ఒకే చోట, ఒకే వేళలో అరగంట. మిగతా సమయంలో ఆ ఆలోచన వస్తే, “నీ వేళ ఆరున్నరకు, అప్పుడు రా” అని చేతిలోని పనికి తిరిగిపోవాలి. ఆరున్నరకు కూర్చుని నిజంగానే దిగులుపడాలి. అప్పటికి సగం ఆలోచనలు తమంతట తామే పలచబడి ఉంటాయి. మొదటి వారం ఇది నవ్వులాటగా అనిపిస్తుంది. అనిపించనివ్వండి. కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్‌కు రోజూ వచ్చిపోయేవారికి బస్సులో ఆ గంట బాగా పనికొస్తుంది. కాని పడుకునే మంచాన్ని మాత్రం ఈ పనికి వాడకండి. నిద్ర పట్టక ఇరవై నిమిషాలు దాటిందనిపిస్తే లేచి, వసారాలో మసక వెలుతురులో కూర్చుని, నిద్ర ముంచుకొచ్చాకే తిరిగి పడుకోవాలి. గడియారం చూడవద్దు.

సాయంకాలం టీ సంగతి కూడా చెప్పాలి. రాత్రి తొమ్మిదికి తాగిన టీలోని కెఫీన్‌లో సుమారు సగం తెల్లవారుజాము రెండుకూ ఒంట్లోనే ఉంటుంది. గుండె దడదడలాడుతుంటే అది దిగులో టీయో తెలియదు. సీజన్‌లో మధ్యాహ్నం మూడు తరువాత టీ తగ్గించి చూడండి. దడ వచ్చినప్పుడు ఊపిరి మెల్లగా తీసుకుని, తీసుకున్నదానికంటే ఎక్కువ సేపు వదలండి. ఐదు నిమిషాలు చాలు. ఇక సెల్‌ఫోను. రాత్రి పదకొండుకు వచ్చిన వాట్సాప్ ఆర్డరుకు రాత్రే జవాబిస్తే సరుకు ముందు తయారవదు. మన నిద్ర మాత్రం పోతుంది.

ఇంతదాకా చెప్పింది విని, మందు పూసే చోటో, పెట్టెలు నింపే చోటో పనిచేసే అక్కలు నవ్వుకోవచ్చు. వాన పడి పని ఆగితే ఆ రోజు కూలి లేదు. ముక్క లెక్కన పనిచేసే మనిషికి అది అతిగా ఆలోచించడం కాదు, ఉన్న కష్టమే. దానికి నోటుపుస్తకం మందు కాదు. అక్కడ చేయవలసింది యజమానులు. వాన రోజులకు ఏ పని ఇవ్వగలరో ముందే చెప్పడం, ఆర్డరు తేదీ ఒప్పుకునే ముందే వాన రోజులు లెక్కలో వేసుకోవడం, రాత్రి పొద్దుపోయేదాకా ఉంచినవారిని తెల్లవారుజామునే రమ్మనకపోవడం. పొటాషియం క్లోరేట్, భాస్వరం వాడే చోట నిద్రలేని చెయ్యి ఎంత ప్రమాదమో ఈ ప్రాంతంవారికి నేను చెప్పాలా? బాణసంచా యూనిట్లలో అయితే మరీనూ. అలసిన మనిషి “అన్నా, ఇవాళ నా చెయ్యి నిలవడం లేదు” అని మేస్త్రీకి చెప్పగలిగితే, ఆ మాట విని మేస్త్రీ కసరకుండా ఉంటే, అది ఎన్నో జాగ్రత్తల బోర్డులకంటే మేలు.

చివరగా ఒక హెచ్చరిక. సీజన్ పోయినా దిగులు పోకపోతే, రెండు వారాలకు మించి నిద్రా ఆకలీ సరిగా లేకపోతే, నిద్ర కోసం తాగడం మొదలైతే, బతుకు మీద విసుగు పుడితే, సొంత ఉపాయాలతో ఆగవద్దు. ఛాతీలో నొప్పి వస్తే అది దిగులే అనుకుని కూర్చోక, ముందు గుండె చూపించుకోండి. మనసు డాక్టరు దగ్గరికి పోతే పిచ్చి అంటారన్న భయం మన ఊళ్లలో ఇంకా ఉంది. షుగరుకు మాత్ర వేసుకునేవారిని ఎవరూ ఏమీ అనరు కదా! జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగాన్ని అడగండి. ఆసుపత్రికి పోలేకపోతే ఫోను ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు పగలైనా రాత్రైనా ఉచితంగా చేయవచ్చు. తమిళంలో మాట్లాడవచ్చు, తెలుగు కావాలని అడగవచ్చు. ఈ నంబరు ఇప్పుడే రాసుకోండి, ఒకటి-నాలుగు-నాలుగు-ఒకటి-ఆరు. మీకు అక్కరలేకపోయినా, పక్క బల్ల మీద పనిచేసేవారికి కావలసి రావచ్చు.