నీటిలోకి దిగే కెమెరాకు పెట్టె: లోతు ఒక్కటే చూసి కొనరాదు

ఐప్పసి, కార్తిక మాసాల వానలు సక్రమంగా కురిసిన ఏడు సేత్తూరు చుట్టుప్రక్కల, తమిళంలో కణ్మాయి అని పిలిచే చెరువులు నిండుతాయి. పొలం బావుల నీరు పైమెట్ల వరకు వస్తుంది. పిల్లలు బావిగట్టు మీది నుండి దూకుతారు. పెండ్లిండ్లకు ఫోటోలు తీసే యువకుడు ఇంట ఉంటే, ఆ దృశ్యాన్ని నీటి అడుగు నుండి తీయాలనే కోరిక అతనికి కలగడం సహజమే. అయితే అతని చేతిలోని డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. కెమెరా చీటీ పాడిన డబ్బుతోనో, అప్పుతోనో కొన్నది. అదే ఆ ఇంటి జీవనాధారం. ఒక్క చెంచాడు నీరు లోపలికి పోయినా అది పనికిరాకుండా పోవచ్చు. కనుక కెమెరాను నీటిలోకి తీసుకొనిపోయే పెట్టెను, అనగా హౌసింగును, ఎలా ఎన్నుకోవాలో కుటుంబమంతా తెలిసికొని ఉండడం మంచిది.

నీటి అడుగున ఛాయాచిత్రాలు తీయడం నిన్న మొన్నటి విద్య కాదు. ఫ్రాన్సు దేశపు లూయీ బూతాన్ అనే శాస్త్రజ్ఞుడు 1893లోనే బాన్యుల్స్ సముద్రతీరంలో ఆ పని చేశాడు. తరువాతి కాలంలో పెట్టె అవసరం లేకుండా నీటిలో పనిచేసే నికోనోస్ అనే ఫిల్ము కెమెరాను నికాన్ సంస్థ 1963 నుండి అమ్మింది. 2001తో దాని తయారీ నిలిచిపోయింది. మామూలు ఎస్.ఎల్.ఆర్. కెమెరాకు పెట్టె తప్పనిసరి.

కొనబోయేవారు మొదట గ్రహించవలసినది, గట్టి పెట్టె ఏదైనా ఒక నిర్దిష్ట నమూనా కెమెరాకే అచ్చుగా తయారవుతుందని. పెట్టె గోడలోని మీటలు లోపలి కెమెరా బొత్తాముల మీద సరిగ్గా పడాలి. ఒకే సంస్థ కెమెరా అయినా తరువాతి నమూనాకు పాత పెట్టె చాలాసార్లు సరిపోదు. ఇప్పుడు కెనాన్, నికాన్ సంస్థలు రెండూ క్రొత్త నమూనాలను మిర్రర్‌లెస్ రకంలోనే తెస్తున్నందున ఎస్.ఎల్.ఆర్. పెట్టెలు ఎక్కువగా వాడినవే దొరుకుతాయి. అవి చౌకే. కాని దాని రబ్బరు వలయాలు ఇప్పటికీ విడిగా అమ్ముతున్నారా అని విచారించిన తరువాతనే బేరం కుదుర్చుకోవాలి.

ఇక లోతు సంగతి. నీటిలో ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణ పీడనం, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో బరువు, అదనంగా చేరుతుంది. ముప్పై సెంటీమీటర్ల పొడవు, ఇరవై సెంటీమీటర్ల వెడల్పు గల పెట్టె మూత మీద పది మీటర్ల లోతున పడే భారం దాదాపు ఆరువందల కిలోలు. ఇది విన్నవారు, "మన బావి అంత లోతు లేదు కదా, మనకు భయమేమి?" అనుకొంటారు. పొరపాటు అక్కడే జరుగుతుంది.

ప్రెషర్ కుక్కరు మూతకు గాస్కెట్ ఉన్నట్లే ఈ పెట్టె మూతకు ఓ-రింగ్ అనే రబ్బరు వలయం ఉంటుంది. కుక్కరులో ఆవిరి లోపలి నుండి నెట్టుతుంది. ఇక్కడ నీరు బయటి నుండి నొక్కుతుంది. లోతు పెరిగేకొద్దీ మూత వలయం మీద మరింత బిగుసుకొంటుంది. నీటి పైభాగాన ఆ నొక్కు లేదు. వలయం క్రింద ఒక తలవెంట్రుక, ఒక ఇసుకరేణువు, ఒక నూలుపోగు ఇరుక్కొంటే అక్కడే నీరు చొరబడుతుంది. పెట్టెలు ఎక్కువగా నీరు పట్టేది దిగీదిగగానే, మొదటి రెండు మూడు మీటర్లలోనే. అందుచేత వంద మీటర్ల లోతుకు తట్టుకొనే పెట్టె అయినా మోకాటి లోతు కాలువలో మునిగిపోగలదు.

ఈ లోపాన్ని సరిచేయడానికే కొన్ని పెట్టెలకు చిన్న చేతిపంపు ఇస్తారు. మూత వేసిన తరువాత దానితో లోపలి గాలిని కొంత తీసివేస్తే, బయటి గాలే మూతను గట్టిగా అదిమిపెడుతుంది. ఎక్కడైనా సందు ఉంటే లోపలి పీడనం తిరిగి పెరగడం వలన నీటిలో దిగకముందే తెలిసిపోతుంది. చెరువులు, బావులలో పనిచేసేవారికి అధిక లోతు కంటె ఈ ఏర్పాటే ఎక్కువ ఉపయోగకరం.

పెట్టెలలో అన్నింటికంటె చౌక రకం మెత్తని ప్లాస్టిక్ సంచి. జర్మనీ వారి ఎవా-మరీన్ ఇటువంటిది. నీటి పైభాగాన ఈత దృశ్యాలకు ఇది చాలవచ్చు గాని, సంచిలోపల బొత్తాములు తడుముకోవడం కష్టం, బావిగోడ రాయి గీసుకొంటే చిరుగుతుంది. రెండవది పాలీకార్బొనేట్ పెట్టె. అమెరికాకు చెందిన ఐకెలైట్ సంస్థ పెట్టెలు ప్రసిద్ధి. వీటిలో కొన్ని పారదర్శకంగా ఉండి, లోపలికి చేరిన మొదటి చుక్క కంటికి కనబడుతుంది. మూడవది అల్యూమినియం పెట్టె. హాంగ్‌కాంగ్ వారి నాటికామ్ ఈ రకమే. దృఢమైనది, మీటలు సుఖంగా ఉంటాయి. కాని పెట్టెకే లక్ష రూపాయలు దాటుతుంది, లెన్సు ముందరి అద్దం వేరే కొనాలి. సముద్రంలో నిత్యం మునిగేవారికి తప్ప గ్రామంలోని ఫోటోగ్రాఫరుకు ఈ ఖర్చు దండుగ అనే చెప్పాలి.

ఆ అద్దాన్ని పోర్టు అంటారు. బల్లపరుపు అద్దం గుండా చూస్తే నీటిలోని వస్తువు నాలుగవ వంతు దగ్గరగా, మూడవ వంతు పెద్దగా కనబడుతుంది. చిన్న చేపలను దగ్గరగా తీయడానికి ఇది మేలు. గుమ్మటపు అద్దం విశాలదృశ్యాన్ని కుదించకుండా చూపుతుంది. మన చెరువు నీరు మట్టితో కలిసి ఉంటుంది. దూరం నుండి తీస్తే జిలేబి చేప గాని, కొరమీను గాని మసకగా వస్తుంది. కనుక వైడ్ లెన్సు, గుమ్మటపు అద్దం పెట్టుకొని మూరెడు దూరానికి పోయి తీయడమే మార్గం. సగం నీరు, సగం ఆకాశం పడే చిత్రానికి గుమ్మటం ఎంత పెద్దదైతే అంత మంచిది. ఫ్లాష్‌ను లెన్సు ప్రక్కనే వెలిగిస్తే మట్టికణాలు తెల్లని చుక్కలై కనబడతాయి. దానిని ప్రక్కకు జరపాలి.

కొన్న పెట్టెను మొదట కెమెరా లేకుండా పరీక్షించాలి. లోపల పొడి కాగితం ఉంచి, రాయి కట్టి, తొట్టిలో మొదట, బావిలో తరువాత అరగంట ముంచి తీసి చూడాలి. వలయాన్ని శుభ్రమైన వ్రేళ్ళతో తుడిచి, తయారీదారు చెప్పిన గ్రీజును పలుచగా రాయాలి. గ్రీజు వలయాన్ని జారనివ్వడానికే గాని సందు పూడ్చడానికి కాదు. పంపుసెట్టు గ్రీజు, కొబ్బరినూనె పనికిరావు. మూతను ఎండలో వేయరాదు. లోపల చిక్కిన తేమ చల్లని నీటిలో అద్దానికి ఆవిరి పట్టిస్తుంది.

పెట్టెతో బావిలోకి దూకరాదు. మనిషి మెట్లమీదుగా దిగిన పిదప గట్టు మీదివారు తాటితో అందించాలి. ఈత ఎంత వచ్చినా ఒంటరిగా దిగరాదు. కెమెరా కంటిలో చూసేవానికి కాలి క్రింది లోతు తెలియదు. శాస్తా కోవిల్ వైపు కొండనీరు అటవీ ప్రాంతంలోనిది. అక్కడికి అటవీశాఖ అనుమతి కావాలి. తూత్తుకుడి, రామేశ్వరం నడుమ 21 దీవులతో 1986లో ఏర్పడిన మన్నారు సింధుశాఖ సముద్ర జాతీయోద్యానానికీ అదే నియమం.

ఇన్ని జాగ్రత్తల తరువాత కూడా పెట్టెలో నీరు కనబడితే, అద్దం క్రిందికి ఉండేలా పట్టుకొని పైకి రావాలి. నీరు కెమెరాను వదలి అద్దంవైపు చేరుతుంది. బయట తడి తుడిచి మూత తీసి, బ్యాటరీని వెంటనే తొలగించాలి. పని చేస్తున్నదా అని స్విచ్చి వేసి చూడరాదు. మంచినీరైతే ఆరబెట్టి మెకానిక్కుకు ఇచ్చేవరకు వ్యవధి ఉంటుంది. ఉప్పునీరైతే ఆ రోజే తీసుకొనిపోవాలి.